మీకు తెలుసా? వెలిగే శుక్రకణం చెప్పిన సంగతులు

● నీలి కాంతి పడితే ఒళ్లంతా ఆకుపచ్చగా వెలిగే చిట్టెలుకలు పుట్టి పాతికేళ్లు దాటింది. జపాన్‌లోని ఒసాకా యూనివర్సిటీలో మసారు ఒకాబే బృందం 1997లో వాటి వివరాలు ప్రచురించింది. ఆ వెలుగు నిజానికి ఎలుకది కాదు, జెల్లీఫిష్‌ది. అమెరికా పశ్చిమ తీరంలో దొరికే ఈక్వోరియా విక్టోరియా అనే జెల్లీఫిష్‌లో ఈ ప్రోటీన్ ఉన్నట్టు ఒసాము షిమోమురా 1962లో చెప్పారు. దాని జన్యువు చేరిన ఎలుకల్లో వెంట్రుకలు, ఎర్ర రక్తకణాలు తప్ప అన్నీ వెలిగాయి. జీఎఫ్‌పీ అని పిలిచే ఈ ప్రోటీన్ మీద కృషికి షిమోమురా, మార్టిన్ చాల్ఫీ, రోజర్ చెన్‌లకు 2008లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది.

● మగ బీజకణాలను పరిశోధించేవాళ్లకు ఒళ్లంతా వెలిగితే సరిపోదు. కావాల్సిన కణం మాత్రమే, కావాల్సిన దశలోనే వెలగాలి. ఆక్రోసిన్ అనే ఎంజైము జన్యువుకు ఉండే స్విచ్ (ప్రమోటర్) వృషణంలోని బీజకణాల్లోనే పనిచేస్తుంది. దాని వెనక జీఎఫ్‌పీ జన్యువును తగిలించి, శుక్రకణం తలమీది టోపీ ఒక్కటే వెలిగే ఎలుకలను ఒసాకావాళ్లే 1999లో చూపించారు. ఆ టోపీ పేరు ఆక్రోజోమ్. దాన్నిండా ఎంజైములే. అది తెరుచుకుంటేనే శుక్రకణం అండంతో కలవగలదు. తెరుచుకున్న క్షణాల్లోనే లోపలి జీఎఫ్‌పీ బయటికి చెదిరిపోతుంది. వెలుగు ఉందంటే టోపీ మూసి ఉన్నట్టు, పోయిందంటే తెరుచుకున్నట్టు. కణాన్ని చంపి రంగులద్ది చూడాల్సిన పని తప్పింది. ఈదుతుండగానే చూడొచ్చు.

● ఆ చూడటంతో ఒక పాత నమ్మకం తలకిందులైంది. అండం చుట్టూ జోనా పెల్లుసిడా అనే పొర ఉంటుంది. శుక్రకణం వెళ్లి ఆ పొరను తాకాకే టోపీ తెరుచుకుంటుందని పాఠ్యపుస్తకాలు చాలాకాలం చెప్పాయి. మయుకో జిన్, నోరిటకా హిరోహషి తదితరులు వెలిగే శుక్రకణాలను అండాల దగ్గర వదిలి, జరిగేదంతా వీడియో తీశారు. చివరికి అండంలోకి చొరబడింది ఏదో గుర్తించి, వీడియోను వెనక్కి తిప్పుతూ అది వచ్చిన దారినంతా గమనించారు. గెలిచిన కణాల్లో చాలావాటికి పొరను తాకకముందే టోపీ తెరుచుకోవడం మొదలైంది! 2011లో ఈ ఫలితం వెలువడింది. ఇది గాజుపాత్రలో జరిగింది కదా, ఎలుక కడుపులోనూ ఇంతేనా అన్న ప్రశ్న సహజం. టోపీ ఆకుపచ్చగా, మెడ దగ్గరి మైటోకాండ్రియాలు ఎర్రగా వెలిగే ఎలుకలు 2010 నాటికే తయారయ్యాయి. టోపీ పోయినా ఎరుపు మిగులుతుంది కాబట్టి కణం జాడ పోదు. అండవాహిక గోడ పలచన, ఆ గోడలోంచే చూడొచ్చు. అండం దాకా చేరినవాటిలో ఎక్కువ భాగానికి టోపీ అప్పటికే తెరుచుకుని ఉందని 2016లో వచ్చిన అధ్యయనాలు తేల్చాయి. ఎన్నో ఏళ్లు అడిగిన ప్రశ్నకు చూపు ఒక్కటే జవాబు చెప్పడం నాకు ఇప్పటికీ అబ్బురమే.

● తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచే జీఎఫ్‌పీలాంటి కొత్త జన్యువు వచ్చిన మగ ఎలుకలో సగం శుక్రకణాలకే ఆ జన్యువు చేరుతుంది. కానీ దాని ప్రోటీన్ మిగతా సగానికీ అందగలదు. ఎదిగే బీజకణాలు విడివిడిగా ఉండవు, సన్నని వంతెనలతో కలిసి ఉంటాయి. ఆ వంతెనల మీదుగా సరుకు పంచుకుంటాయని 1989లోనే ఎలుకల్లో రుజువైంది.

● ఢిల్లీలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇమ్యునాలజీలో సుబీర్ మజుందార్ బృందం పిండంతో పని లేకుండానే ఇలాంటి ఎలుకలను పుట్టించింది. డీఎన్‌ఏను నేరుగా వృషణంలోకి ఎక్కించి, విద్యుత్ తాకిడి ఇచ్చారు. ఆ మగ ఎలుకలకు మామూలు జతకట్టుతోనే కొత్త జన్యువున్న పిల్లలు పుట్టాయి. ఇది 2008 మాట. మజుందార్ తర్వాత హైదరాబాద్‌లోని జాతీయ పశు బయోటెక్నాలజీ సంస్థకు డైరెక్టరయ్యారు.

● అప్పుడే పుట్టిన ఎలుకపిల్ల వృషణంలో శుక్రకణాలుండవు. జపాన్‌లోని యొకొహామా సిటీ యూనివర్సిటీలో టకెహికో ఒగావా బృందం ఆ వృషణాన్ని చిన్న ముక్కలు చేసి, పోషకద్రవంలో సగం మునిగిన అగరోజ్ జెల్ దిమ్మల మీద పెట్టి, 34 డిగ్రీల వేడిలో పెంచింది. ఆ పిల్లల బీజకణాల్లో జీఎఫ్‌పీ ఉంది కాబట్టి, ముక్కను కోయకుండానే కణాలు ఎంతదాకా ఎదిగాయో ఆకుపచ్చ వెలుగే చెప్పేది. వెలుగు కనిపించిందంటే క్రోమోజోములను సగం చేసే విభజనలోకి కణాలు దిగినట్టే. ఆ వెలుగును బట్టే ద్రవాలు మార్చి మార్చి చూశారు. మామూలుగా వాడే సీరమ్‌ను తీసేసి, దానికి బదులుగా అమ్మే ప్రత్యామ్నాయాన్ని పోస్తే గానీ కణాలు చివరిదాకా ఎదగలేదు. అలా వచ్చిన శుక్రకణాలను అండాల్లోకి ఎక్కిస్తే ఆరోగ్యమైన పిల్లలు పుట్టాయి, వాటికీ పిల్లలు కలిగాయి. 2011లో నేచర్ పత్రిక దీన్ని ప్రచురించింది. యుక్తవయసు రాకముందే క్యాన్సర్ మందులు, రేడియేషన్ తీసుకునే మగపిల్లలకు దాచుకోవడానికి శుక్రకణాలే ఉండవు. వాళ్ల కణజాలాన్ని ముందే తీసి గడ్డకట్టించి భద్రపరిచే ఆస్పత్రులు కొన్ని దేశాల్లో ఇప్పటికే ఉన్నాయి. దానిలోంచి బయటే శుక్రకణాలు పెంచడం మాత్రం మనుషుల్లో ఇంకా చికిత్సగా మారలేదు.