జముకు పలికితే...

ఓవైపు తోలు బిగించిన చిన్న డొల్ల, ఒకే ఒక్క తీగ. చంకలో ఇరికించుకుని మీటితే చాలు... ఊరు ఊరంతా పనులాపి వినేది. ఉత్తరాంధ్ర పల్లెల సొంత వాద్యం జముకు కథ ఇది!

వంశధార సముద్రంలో కలిసే కళింగపట్నం తీరం నుంచి పార్వతీపురం కొండల దాకా ఒకప్పుడు అమ్మవారి సంబరమంటే జముకుల కథ ఉండాల్సిందే. తోలు నడుమ నుంచి వచ్చే తీగ కొసన చిన్న కర్ర ఉంటుంది. దాన్ని లాగి పట్టుకుంటే శ్రుతి పైకి లేస్తుంది. వదులు చేస్తే కిందికి జారుతుంది. అందుకే జముకు మనిషిలా మూలుగుతుంది, దబాయిస్తుంది, వెక్కిరిస్తుంది.

దేవతల కథలు చెప్పే ఆ వాద్యానికి పేదల గోడు నేర్పినవారు సుబ్బారావు పాణిగ్రాహి. బొడ్డపాడులో గుడి పూజారి ఆయన. శ్రీకాకుళ పోరాట కాలంలో జముకుల కథను జనం కథగా మలిచారు. 1969 డిసెంబరులో పోలీసుల చేతుల్లో మరణించారు.

పాట మాత్రం ఆగలేదు. పెదబొండపల్లిలో 1943లో పుట్టిన వంగపండు ప్రసాదరావు దాన్ని అందుకున్నారు. విశాఖ షిప్‌యార్డు కార్మికుడైన ఆయన 1972లో గద్దర్, బి.నర్సింగరావులతో కలిసి జననాట్యమండలికి ప్రాణం పోశారు. పుస్తకాల భాష పక్కనపెట్టి ఊరి యాసలోనే పాట కట్టారు.

అదే దశాబ్దంలో, 1976లో, ఇంగ్లండులోని లీడ్స్‌లో 'గ్యాంగ్ ఆఫ్ ఫోర్' బ్యాండు పుట్టింది. పోస్ట్‌పంక్ అని పేరుపడిన ఆ సంగీతంలో హంగులు తక్కువ, గిటారు పదును ఎక్కువ. పాటల నిండా రాజకీయమే. ఎక్కడి లీడ్స్, ఎక్కడి పార్వతీపురం! సూత్రం మాత్రం ఒక్కటే... చెప్పాల్సింది బలంగా ఉంటే వాద్యాలు నాలుగైనా చాలు, ఒకటైనా చాలు.

తేడా ఒకటుంది. లీడ్స్ కుర్రాళ్ల తొలి ఆల్బమ్ 1979లోనే వచ్చింది. తర్వాతి తరాలు వాళ్ల పేరు చెప్పుకొనే నేర్చుకున్నాయి. మన పాట నోటి నుంచి నోటికి నడిచింది. 'ఏం పిల్లడో' తెలియని తెలుగువాళ్లు తక్కువ. అది 2020 ఆగస్టు 4న కన్నుమూసిన వంగపండుదని ఎంతమందికి తెలుసు?

పాటను ఫోన్లో దాచుకోవచ్చు. తీగ ఎంత బిగించాలో తెలిసిన చేతిని దాచుకోలేం. అది తండ్రి పక్కన కూర్చుని కొడుకు పట్టుకోవాల్సిన విద్య. ఈసారి ఊరి సంబరానికి డీజేతోపాటు ఓ జముకునూ పిలిస్తే... ఆ చెయ్యి ఇంకో తరం మీటుతుంది!