ఉపశమన చికిత్స: సేవ చేయువారి చదువు

“ఇక చేయవలసినది ఏమియు లేదు, ఇంటికి తీసికొని పొండు.” ఈ మాట విని ఆసుపత్రి మెట్లు దిగి వచ్చిన కుటుంబములు మన ఊళ్ళలో ఎన్నియో కలవు. వైద్యుడు చెప్పినది వ్యాధిని గూర్చి. అది మానదని ఆతని భావము. విన్నవారికి మాత్రము అది మనిషిని గూర్చి చెప్పినట్లు తోచును. నిజమునకు ఆ రాత్రి నుండియే చేయవలసినవి చాల ఉన్నవి. వానిని ఎట్లు చేయవలెనో ఇంటివారికి ఎవరును నేర్పలేదు. పలుచోట్ల నర్సులకును నేర్పలేదు. ఆ విద్యకే ఉపశమన చికిత్స యని, పాలియేటివ్ కేర్ అని పేరు.

లాటిను భాషలో ‘పాలియమ్’ అనగా ఒంటిపై కప్పుకొను వస్త్రము. చలిని పారద్రోలలేకపోయినను వణకువానికి దుప్పటి కప్పవచ్చును గదా! ఇది క్యాన్సరు రోగులకు మాత్రమే అని తలంచుట పొరపాటు. మూత్రపిండములు చెడినవారికి, గుండె బలహీనపడినవారికి, పక్షవాతముతో మంచము పట్టినవారికి, మానని జబ్బుతో పుట్టిన పసిపిల్లలకు కూడ ఇది కావలసినదే. కడపటి దినములకై దాచియుంచవలసినదియు కాదు. వ్యాధికి చికిత్స జరుగుచుండగనే ఇదియు ప్రక్కన నడువవచ్చును. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారము ఏటేట 5 కోట్ల 68 లక్షల మందికి ఈ చికిత్స అవసరము. అందుచున్నది నూటికి 14 మందికి మాత్రమే.

ఈ విద్యకు నేటి రూపము నిచ్చినవారు ఇంగ్లాండు దేశపు సిసిలీ సాండర్స్. ఆమె మొదట నర్సు. నడుమునొప్పిచే ఆ పని మాని, ఆసుపత్రిలో రోగుల కష్టసుఖములు విచారించు ఉద్యోగమున చేరిరి. పిమ్మట వైద్యము చదివి డాక్టరైరి. మూడు తావుల నుండి చూచినందున కాబోలు, రోగి బాధ ఆమెకు మొత్తముగ కనబడినది. 1967లో లండనులో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిసును స్థాపించిరి. ఒడలి నొప్పి, మనోవేదన, సంసారపు చిక్కులు, ‘నాకే ఏల వచ్చినది’ అను లోపలి ప్రశ్న, ఈ నాలుగును పెనవేసికొని యుండునని ఆమె బోధించిరి. కూతురి పెండ్లి నిలిచిపోయిన తండ్రికి మాత్ర యొక్కటే చాలకపోవుటకు కారణ మిదియే.

మాత్ర ఇచ్చుటలోను ఒక పద్ధతి కలదు. నొప్పి వచ్చిన పిమ్మట, రోగి కేకపెట్టిన పిమ్మట మందు నిచ్చుట మన అలవాటు. అప్పుడు మందు లోనికి పోయి పనిచేయువరకు మనిషి ఓర్చుకొనవలెను. తగ్గగానే మరల ఎప్పుడు వచ్చునో యని భయపడుచుండవలెను. అట్లుగాక, ముందు మోతాదు బలము తగ్గకమునుపే గడియారము చూచి తరువాతి మోతాదు ఇచ్చినచో నొప్పి తల ఎత్తదు. నోటి ద్వారా ఇచ్చు మామూలు మార్ఫిను బలము సుమారు నాలుగు గంటలు. కావున ఉదయము 6, 10, మధ్యాహ్నము 2, సాయంకాలము 6, రాత్రి 10 గంటలకు ఇత్తురు. రాత్రి 10 గంటల మోతాదును సాధారణముగ రెట్టింపు చేయుదురు, అర్ధరాత్రి లేపకుండుటకు. మోతాదు నిర్ణయించుట, మార్చుట వైద్యుని పని. వేళ తప్పకుండ చూచుట ఇంటివారి పని.

మార్ఫిను అనగానే ఇంటివారు ఉలికిపడుదురు. అలవాటు పడిపోవునని ఒకరు, ప్రాణము తీయునని ఒకరు. తగిన వైద్యుని కనుసన్నలలో, నొప్పికి తగినంత వాడినచో ఈ రెండు భయములకును తావు స్వల్పము. మొదటి కొన్ని దినములు మగతయు వికారమును కలుగవచ్చును, అవి తగ్గును. మలబద్ధకము మాత్రము తగ్గదు, కావున విరేచనపు మందు మొదటి దినము నుండియే తోడుగ నుండవలెను. ఇది మరచినచో, నొప్పి తగ్గినను రోగి మాత్రను తిట్టును! వైద్యమునకై నల్లమందును చట్టప్రకారము పండించు దేశము మనది. అయినను 1985 నాటి మాదకద్రవ్యముల చట్టముతో అనుమతుల చిక్కులు పెరిగి మన ఆసుపత్రులలోనే మార్ఫిను కరవైనది. 2014లో చట్టమును సవరించి అనుమతుల విధానమును సులభము చేసిరి. అయినను మందు వ్రాయుట నేర్చిన వైద్యులు లేనిచో చట్టము మారి మాత్రము ఏమి ప్రయోజనము?

శిక్షణలో నర్సుకును ఇంటి కోడలికిని నేర్పునవి చాలవరకు ఒక్కటే. నొప్పిని అడిగి తెలిసికొనవలెను. సున్న నుండి పది వరకు అంకె చెప్పుమన్నచో కొందరు వృద్ధులు తికమకపడుదురు. “రూపాయికి పావలా తగ్గిందా, అర్ధరూపాయి తగ్గిందా?” అన్నచో వెంటనే లెక్క చెప్పుదురు. కదలలేని రోగిని రెండు గంటల కొకసారి ప్రక్కకు త్రిప్పవలెను. తుంటి, నడుము క్రింది భాగము, మడమలు చూచుచుండవలెను. ఎఱ్ఱబడిన చోట రుద్దరాదు. ఆయాసపడువానిని దిండ్లు పెట్టి కూర్చుండబెట్టి, కిటికీ తెరచి, ముఖమునకు గాలి తగులనీయవలెను. చుట్టును మూగిన బంధువులను కాస్త వెలుపలికి పంపుట కూడ చికిత్సయే. కుళ్ళిన పుండు వాసనచే రోగి మనుమలను కూడ దగ్గరకు రానీయడు. మెట్రోనిడజోలు మాత్రను పొడిచేసి పుండుపై చల్లుటచే ఆ వాసన చాలవరకు తగ్గును. ఇదియు వైద్యుని అడిగియే చేయవలెను.

మన ఇండ్లలో మిక్కిలి కష్టమైన పాఠము అన్నమును గూర్చినది. కడపటి దినములలో దేహము ఆహారమును కోరదు. తల్లి నోట బలవంతముగ ముద్ద పెట్టు కొడుకు ప్రేమతోనే పెట్టును, ఆమె ఉక్కిరిబిక్కిరి యగును. తడిగుడ్డతో పెదవులు తడుపుట, నోరు శుభ్రము చేయుట, చెంచాతో చిన్న గుటక ఇచ్చుట చాలును. అన్నము పెట్టకుండుట ద్రోహము కాదని ఆ కొడుకుతో ఎవరో ఒకరు ప్రక్కన కూర్చుండి చెప్పవలెను.

ఇక మాటల విషయము. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక పల్లెలో నర్సుతో కలసి ఒక వృద్ధరైతు ఇంటికి వెళ్ళితిని. వాకిటనే కుమారుడు ఆపి, “మా నాన్నకు ఏమీ తెలియదు, తెలియనివ్వకండి సిస్టరుగారూ” అనెను. అతడు మాకు మజ్జిగ తెచ్చుటకు లోనికి పోగానే ఆ పెద్దాయన ఆమె చేయి పట్టుకొని, “నాకన్నీ తెలుసమ్మా. మావాడికి చెప్పబోకు, బెంబేలు పడతాడు” అనెను. ఒకే కప్పు క్రింద ఇద్దరును ఒకే రహస్యమును మోయుచుండిరి. ఆయన నోటిమాటపై ఇచ్చిన అప్పు ఒకటి ఉన్నది. చూడవలెనన్న కూతురు ఉన్నది. ఏది చెప్పినను గుట్టు బయటపడునని నోరు మెదపలేదు. నర్సు ఆయనకు వెంటనే వాగ్దాన మీయలేదు, కొడుకును మందలింపను లేదు. ఏమి తెలిసినది, ఇంకను ఏమి తెలిసికొన గోరుచున్నారు అని ఆయనను నెమ్మదిగా అడిగినది. ఆయన అనుమతి తీసికొనియే మూడవ దినమున ఇద్దరిని ఒకచోట కూర్చుండబెట్టినది. కూతురు ఆ వారములోనే వచ్చినది. ఆ నర్సు నేర్చిన చదువులో ఇట్లు అడుగుట యొక పాఠము. అడిగి మౌనముగ నుండుట మఱియొక పాఠము. రెండవది నాకు నేటికిని సరిగా పట్టుపడలేదు.

మన దేశములో తొలి హాస్పిసు శాంతి ఆవేదనా సదన్ 1986లో బొంబాయిలో వెలసినది. 1993లో కాలికట్టులో డాక్టరు రాజగోపాల్, డాక్టరు సురేష్ కుమార్ ప్రభృతులు నెలకొల్పిన సంఘము దారి మార్చినది. రోగి ఆసుపత్రికి వచ్చుటకు బదులు సేవయే ఇంటికి పోయినది. మలప్పురము జిల్లాలో ఉపాధ్యాయులు, కూలీలు, విద్యార్థులు, గృహిణులు శిక్షణ పొంది తమ వీధిలోని రోగులను చూచుకొనసాగిరి. 2008లో కేరళ ప్రభుత్వము దీనిని తన విధానముగ ప్రకటించినది. హైదరాబాదులో ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రియందు ఉపశమన చికిత్సా విభాగము వైద్యులకును నర్సులకును శిక్షణ నిచ్చుచున్నది. తెలంగాణ జిల్లాలలో కొన్నిట కేంద్రములు ఏర్పడినవి. మన తెలుగునేల వైశాల్యమునకు ఇవి చాలవు.

సేవ చేయువారి సంగతి కూడ ఈ చదువులోనిదే. ఆరునెలలు రాత్రి నిదుర లేని కోడలు మామగారిపై విసుగుకొని, పిమ్మట వంటయింట ఏడ్చుట సహజము. వారమున కొక్కరాత్రి ఆమె బదులు మఱియొకరు కూర్చుండు ఏర్పాటు చేయుట నర్సు పనులలో నొకటి. ఆ రైతు చనిపోయిన పిమ్మట, పెద్దకర్మ ముగిసిన మరునాడు, మా నర్సు మరల ఆ యింటికి పోయినది. మిగిలిన మార్ఫిను మాత్రలను లెక్కపెట్టి తీసికొనినది. కోడలు రాత్రి రెండు గంటలకు ఇంకను మెలకువ వచ్చుచున్నదని చెప్పగా, ఆమె చెంత మధ్యాహ్నము వరకు కూర్చుండినది.