ఒక ఆచార్యురాలి వేసవి సెలవులు

పసుపు త్రవ్విన పిమ్మట మా నిజామాబాదు ప్రాంతపు రైతులు విత్తనపు కొమ్ములను వేరుచేసి, నీడపట్టున కుప్పవోసి, ఆకులు కప్పి, మట్టితో మెత్తి తొలకరి దాక దాచెదరు. చూచువారి కది వట్టి మట్టికుప్ప. లోపల మాత్రము మొలకకన్నులు మెల్లగా మేలుకొనుచుండును. బడిపంతులుగారి యిల్లాలినగుటచే ఉపాధ్యాయుల సెలవులు మేమెఱిగినవే. కాని కళాశాలలో జీవశాస్త్రము చెప్పువారి వేసవి యెట్టిదో గడచిన యేడు గాని మాకు తెలియలేదు.

మా వీథిలో వృక్షశాస్త్రము బోధించు ఆచార్యురాలొకరు కలరు. మాకంటె పెద్దవారగుటచే అక్కయ్యగారని పిలుతుము. సెలవులిచ్చిన దినమున “ఇక మీకు విశ్రాంతియే గదా” యంటిమి. ఆమె నవ్వి యూరకుండిరి. ఆ నవ్వున కర్థము తరువాత బోధపడినది. మొదట జవాబు పత్రములు దిద్దుట. పిదప క్రొత్త పాఠములను సిద్ధపఱచుకొనుట. 2016 నుండి తెలంగాణ డిగ్రీ కళాశాలలలో సెమిస్టరు పద్ధతి వచ్చినది. అనగా ఏడాది చదువు రెండు భాగములై, ప్రతి భాగము తుదను పరీక్ష యుండును. కావున గురువులు తీరికగా చదువుకొనుటకు వేసవియే దిక్కు. ఇక అత్తగారి మందులు, వచ్చిపోవు చుట్టములు, ఊరగాయలు ఇంటి యిల్లాలికి తప్పునా?

వారింట ఆవకాయ జాడీ ప్రక్కనే చెక్కపలకల నడుమ పాత వార్తాపత్రికలలో నొత్తిన కొమ్మలు మాకు కనబడినవి. ఆ కాగితములను దినదినము మార్చవలెను. తడి నిలిచెనా, ఊరగాయకు వలెనే బూజు పట్టును. ఎండిన కొమ్మను రమారమి 42 సెంటీమీటర్ల పొడవు, 29 సెంటీమీటర్ల వెడల్పు గల దళసరి కాగితమున కతికించి, దొరకిన చోటు, తేది, నేల తీరు వ్రాయుదురు. ఎండినపుడు పూవు రంగు మాయును గనుక రంగును గూడ నాడే వ్రాసికొందురు. అనంతపురము శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయమున ఆచార్యులుగా నుండిన టి. పుల్లయ్యగారు, బి. రవిప్రసాదరావుగారు మా జిల్లా వృక్షసంపదను గూర్చి 1995లో ఆంగ్లమున నొక గ్రంథము ప్రకటించిరి. అట్టి గ్రంథములకు ఇట్టి కాగితములే పునాది.

ఆ వేసవిలోనే మా యింట నొక దిగులు ప్రవేశించినది. మా పెద్దమ్మాయి వైద్యవిద్యా ప్రవేశపరీక్ష వ్రాసి వచ్చి, తనకు సీటు రాదని తానే లెక్క వేసికొని, అన్నము మాని పడుకొన్నది. అక్కయ్యగారు పలుకరింప వచ్చి, “మా తరగతిలో చేర్పించరాదా చెల్లీ?” యనిరి. మేము దుఃఖములో నోరు జారి, “వైద్యము రానివారికే గదా యీ చెట్ల చదువు” అంటిమి. ఆమె ముఖము చిన్నవోయినది. ఐనను బదులాడక, “రేపు కందకుర్తి పోవుచున్నాను, పిల్లను నాతో పంపుడు” అని మాత్ర మనిరి. పిల్లతో మేమును పోయితిమి.

త్రోవలో బోధన్ చక్కెర కర్మాగారము కనబడినది. 1931లో పూర్తియైన నిజాంసాగరపు నీటితో ఈ సీమలో చెఱకు విస్తరించినది, 1937లో ఆ కర్మాగారము స్థాపింపబడినది. 2015 డిసెంబరులో అది మూతపడినది. చెఱకు వేసిన చేలు పెక్కు వరిచేలైనవి.

కందకుర్తి యొద్ద మంజీర గోదావరిలో గలియును. వేసవి గావున ఇసుక తేలియున్నది. అక్కయ్యగారు గట్టున ఎండిన దుబ్బు నొకదాని జూపి, “ఇదేమి?” యని మా పిల్ల నడిగిరి. “రెల్లు గదా పెద్దమ్మా!” “ఔను. ఇది మన చెఱకునకు చుట్టము.” శరదృతువర్ణనలలో ఎన్నిమార్లో చదివిన కాశము చెఱకునకు చుట్టమని మాకు నాడే తెలిసినది!

ఆమె చెప్పిన దిది. చెఱకును విత్తనమున గాక కణుపులు గల ముచ్చెలను పాతి పెంతురు. పసుపు నట్లే కొమ్ములతో పెంతురు. అందుచే పిల్లమొక్క అచ్చముగా తల్లివంటిదే యగును. తల్లి బలము, తల్లి బలహీనత రెండును దానికి వచ్చును. క్రొత్త రకము కావలెనన్న పూవు పూయవలెను, పుప్పొడి కలియవలెను. 1912లో కోయంబత్తూరున చెఱకు ప్రజనన కేంద్రము వెలసినది. అచట బార్బరుగారు, వెంకట్రామన్‌గారు తీపి గల లావు చెఱకును తీపి లేని మొండి రెల్లుతో కలిపి, 1918లో కో 205 అను రకమును రైతుల కొసగిరి. 1934లో ఆ కేంద్రమునకే జానకి అమ్మాళ్ గారు వచ్చిరి. ఈమె 1897లో తలశ్శేరిలో జన్మించి, 1931లో అమెరికాలోని మిచిగన్ విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టమొంది, తిరువనంతపురమున వృక్షశాస్త్ర ఆచార్యపదవి వహించినవారు. చెఱకును మొక్కజొన్న మున్నగు తృణములతో కలిపి చూచిరి. కణములలోని క్రోమోసోములను లెక్కించిరి. 1945లో డార్లింగ్‌టన్‌గారితో గూడి సాగు మొక్కల క్రోమోసోముల గ్రంథము వెలువరించిరి.

ఇది విని మా పిల్ల రెల్లుకొమ్మ కోయబోయినది. అక్కయ్యగారు వారించి, “పూవు లేని కొమ్మ సగము సాక్ష్యము. శరత్తున మా పిల్లలను తీసికొని మరల వత్తును. వేసవిలో చోటు గుర్తుపెట్టుకొందును, అంతియే” యనిరి. ఇంటికి వచ్చువఱకు మా పిల్ల మాటాడలేదు. రాత్రి మాత్రము, “అమ్మా, ఆ రెల్లు పూచినపుడు చూడవలెను” అన్నది.

ఫలితములు మేము భయపడినట్లే వచ్చినవి. మరియొక యేడు శిక్షణకు పంపుదమా యని పంతులుగారు, మేము రెండు రాత్రులు తర్కించితిమి. “ఎవరి కోరికకు? మీకా, నాకా?” యని పిల్లయే యడిగినది. బదులు లేకపోయినది. వృక్షశాస్త్రమునకే దరఖాస్తు పెట్టితిమి. పిల్లను వెంటబెట్టుకొని పోయి, నాడు నోరు జారినందుకు అక్కయ్యగారిని క్షమింపుమంటిమి. “మీరొక్కరే గారు చెల్లీ, ఆ మాట ప్రతి జూనునను వినుచుందును. ఈ యేడు ఎందఱు చేరుదురో యని భయపడుచునే పాఠములు వ్రాసికొందును” అనిరి. ఆ నవ్వు వెనుక నింత యున్నదని మే మెఱుగము.

సెమిస్టరు తొలి దినమున ఆమె తరగతికి మొలకెత్తిన పసుపుకొమ్ము తీసికొనిపోయి, “ఇది వేరా, కాండమా?” యని యడిగిరట. అందఱును వేరే యనిరట. సాయంకాలము మా పిల్ల వంటింటి కొమ్మునే తెచ్చి, కణుపుల గీతలు, మొగ్గ లుండిన చోటులు మాకు జూపి, అది నేలలోని కాండమని చెప్పినది. ఇరువదేండ్లుగా ముఖమునకు రాచుకొనుచు, కూరలో వేయుచు మేమేనాడును దాని వంక చూడలేదు!

సోదరీమణులారా! మీ యింటి పసుపుకొమ్మును కూడ నొకసారి త్రిప్పి చూడుడు. చూచి, మీ పిల్ల నేమి చదువ గోరునో యడుగుడు.

వచ్చు నెలలో రెల్లు పూయునట. కందకుర్తి ప్రయాణమునకు మా పిల్ల పాత వార్తాపత్రికలు ప్రోగుచేయుచున్నది.