ఆలిస్ హోవెల్: నవ్వించి మరుగునపడ్డ మూకీ తార

ఆలిస్ హోవెల్ 1886లో న్యూయార్క్‌లో పుట్టింది. పాటలు, ఆటలు, హాస్యం కలగలిసిన వాడవిల్ ప్రదర్శనల్లో భర్త డిక్ స్మిత్‌తో కలిసి వేదికెక్కేది. అతనికి క్షయ సోకడంతో ఇద్దరూ కాలిఫోర్నియా చేరారు. ఇల్లు గడవడానికి ఆమె మాక్ సెనెట్ నడిపే కీస్టోన్ స్టూడియోలో చిల్లర వేషాలకు కుదిరింది.

చార్లీ చాప్లిన్ కూడా 1914లో అక్కడే సినిమాల్లో అడుగుపెట్టాడు. ఆ ఏడాది వచ్చిన 'లాఫింగ్ గ్యాస్'లో ఆమె పళ్ల డాక్టరు భార్య. వీధిలో చాప్లిన్ పట్టుకు స్కర్టు ఊడివచ్చి అవస్థపడేది ఈమే. తర్వాత హెన్రీ లెర్మన్ కంపెనీ ఎల్‌-కేఓకు మారి సొంత పేరు తెచ్చుకుంది. 1917లో మొదలైన సెంచురీ కామెడీస్ సంస్థకు ఆమే ప్రధాన ఆకర్షణ.

మేబెల్ నార్మండ్ లాంటి హాస్యతారలు అందంగా కనిపిస్తూనే నవ్వించారు. ఆలిస్‌కు ఆ పట్టింపు లేదు. నెత్తిన పిచ్చుక గూడులా రేగిన జుట్టు, విప్పార్చిన కళ్లు, సున్నా చుట్టిన పెదాలు, బిర్రబిగిసిన నడుముతో అటూ ఇటూ ఊగే నడక. వేసినవి ఎక్కువగా పనిమనిషి, వంటమనిషి పాత్రలే. 1920 నాటి 'సిండరెల్లా సిండర్స్'లో హోటల్ కొలువు ఊడిన వంటామె ఓ డబ్బున్నవాళ్ల ఇంట్లో చేరుతుంది. విందుకు రావలసిన గొప్ప అతిథులు రాకపోవడంతో, పరువు దక్కించుకోవడానికి ఆమెనూ బట్లరునూ ముస్తాబు చేసి వాళ్ల స్థానంలో నిలబెడతారు. ఆ దొరసాని వేషంలోనూ వంటింటి అలవాట్లు దాగకపోవడమే అసలు తమాషా. బట్లరు వేషం డిక్ స్మిత్‌దే.

1920ల నడుమ యూనివర్సల్‌లో నటులు నీలీ ఎడ్వర్డ్స్, బెర్ట్ రోచ్‌లతో లఘు చిత్రాలు చేసింది. టాకీలు వచ్చేసరికి దాదాపు తప్పుకుంది. నటన ఆమెకు జీతం తెచ్చే పనే. కూడబెట్టింది స్థలాల మీద పెట్టి నిశ్చింతగా బతికింది. 1961లో కన్నుమూసింది.

హాస్యనటుడు స్టాన్ లారెల్ ఆమెను గొప్ప హాస్యనటీమణుల్లో లెక్కవేశాడు. అయినా పేరు నిలవకపోవడానికి కారణం ప్రతిభ లేకపోవడం కాదు, ఫిల్మే. ఆనాటి నైట్రేట్ రీళ్లు ఇట్టే నిప్పంటుకునేవి, నిల్వ ఉంటే పాడయ్యేవి. ఒకటి రెండు రీళ్ల కామెడీలను ఆడినన్నాళ్లు ఆడించి వదిలేయడమే తప్ప, దాచినవాళ్లు తక్కువ. విచిత్రమేమంటే, ఆమె కూతురు యివాన్ దర్శకుడు జార్జ్ స్టీవెన్స్‌ను పెళ్లాడింది. వాళ్ల కొడుకు జార్జ్ స్టీవెన్స్ జూనియర్, పాత చిత్రాల పరిరక్షణకు పూనుకున్న అమెరికన్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌కు తొలి సారథి.