దానికి గుడ్లు పెట్టే చోటేది?

పెంపుడు ఊసరవెల్లికి జబ్బు చేస్తే వైద్యులు దాని ఒంటి గురించి అడిగేది కొంచెం, అది బతుకుతున్న గూడు గురించి అడిగేది ఎక్కువ. ఆడదైతే ఇంకో ప్రశ్న కూడా ఉంటుంది. చాలా ఇళ్లలో దానికి జవాబు ఉండదు.

వేసవి సంచికకు అమెరికా తెలుగు ఇళ్లలోని వింత పెంపుడు జీవుల మీద కథనం కావాలన్నారు సంపాదకులు. శుక్రవారానికి పేజీలు సిద్ధం కావాలి. ఇగ్వానాలు, తాబేళ్లు, పాములు... ఫొటోలు బాగానే వచ్చాయి. వాటితో పాటు డాలస్‌లోని ఒక కుటుంబం రెండు కాగితాల ఫొటో కూడా పంపింది. సరీసృపాలకు వైద్యం చేసే డాక్టరు దగ్గర, లోపలికి పిలిచేలోపు నింపాల్సిన ఫారం అది. తొమ్మిదో తరగతి చదివే వాళ్లమ్మాయి నింపింది. అది చదివాక మిగతా ఫొటోలన్నీ పక్కన పెట్టేశాను. పెంపుడు జీవుల గురించి ఇంత తెలివైన కాగితం నేను చూడలేదు.

రోగి వెయిల్డ్ జాతి ఊసరవెల్లి. ఆడది, ఏడాది దాటింది. ‘ఏమిటి ఇబ్బంది?’ అన్నచోట అమ్మాయి ఇలా రాసింది: ‘మూడు రోజులుగా తినడం లేదు. పగలు కూడా కళ్లు మూసుకుంటోంది. ఎప్పుడూ పైకొమ్మ మీద ఉండేది ఇప్పుడు కిందే తిరుగుతోంది. గూడు అడుగు గీరుతోంది.’

జబ్బు గురించి అంతే. అక్కణ్నుంచి ప్రశ్నలన్నీ ఇంటి మీదికి మళ్లాయి.

‘మందు రాసిస్తారనుకుంటే, బల్బు ఎప్పుడు మార్చారని అడుగుతారేంటండీ!’ అన్నారు ఆ అమ్మాయి తండ్రి ఫోన్లో. ఆ ప్రశ్నలో సగం వైద్యం ఉంది. ఊసరవెల్లి చర్మం మీద అతినీలలోహిత బి కిరణాలు పడితేనే దాని ఒంట్లో విటమిన్ డి3 తయారవుతుంది. అది లేకపోతే తిన్న కాల్షియం ఒంటికి పట్టదు. అప్పుడు శరీరం ఎముకల్లోని కాల్షియాన్నే తోడుకుంటుంది. కాళ్లు వంకరపోతాయి, దవడ మెత్తబడుతుంది, నాలుక గురి తప్పుతుంది. దీపం వెలుగుతున్నంత మాత్రాన ఆ కిరణాలు వస్తున్నట్టు కాదు. ట్యూబు రకాన్ని బట్టి ఆరు నెలల నుంచి ఏడాదిలోపు మార్చాలి. కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండ కూడా పనికిరాదు, ఆ కిరణాలను అద్దం ఆపేస్తుంది. అమ్మాయి నిజాయితీగా రాసింది: ‘కొన్నప్పటి బల్బే.’

తర్వాతి ప్రశ్న: ‘నీళ్లు ఎలా ఇస్తున్నారు?’ గిన్నెలో నిలవున్న నీటిని ఊసరవెల్లి సాధారణంగా గుర్తించదు. ఆకుల మీద జారే చుక్కల్ని నాకుతుంది. అందుకే ఆకుల మీద నీళ్లు చిలకరించాలి, లేదా చుక్కచుక్కగా పడేలా అమర్చాలి. నీళ్లు చాలుతున్నాయో లేదో రెట్టే చెబుతుంది. అందులో తెల్లగా ఉండాల్సిన భాగం నారింజ రంగుకు తిరిగితే ఒంట్లో నీరు తగ్గిందని అర్థం. ఆ అమ్మాయి రంగు కూడా రాసింది: ‘ముదురు పసుపు.’

ఆ తర్వాత తిండి. కీచురాళ్లు ఎన్ని? వాటికి మీరేం తినిపిస్తున్నారు? పైన కాల్షియం పొడి చల్లుతున్నారా? ‘అడిగినప్పుడల్లా పెడుతున్నాం’ అని ఉంది. ప్రేమతో రాసిన జవాబే. అయితే ఎదిగిన ఆడ ఊసరవెల్లికి తిండీ వేడీ ఎక్కువైతే ఒంట్లో గుడ్ల సంఖ్య కూడా పెరుగుతుంది. అనుభవజ్ఞులు ఎదిగిన ఆడదానికి రోజు విడిచి రోజు కొద్దిగా పెడతారు. అది వెచ్చగా కూర్చునే చోటును 27 డిగ్రీల సెల్సియస్ చుట్టూ ఉంచుతారు.

రెండో కాగితం చివర ‘ఇంతకుముందు గుడ్లు పెట్టిందా?’ అన్న ప్రశ్నకు జవాబు: ‘లేదు, మగది లేదు.’ దాని కింద ‘గుడ్లు పెట్టే చోటు: లోతు, మట్టి రకం’ అన్న గడిలో ఏమీ రాయలేదు.

ఈ కథనమంతా ఆ గడి గురించే. ‘మగదే లేనప్పుడు గుడ్లెక్కడివండీ?’ అని ఆ అమ్మాయి తల్లి నన్ను అడిగారు. పుంజు లేకపోయినా పెట్ట గుడ్లు పెట్టినట్టే, ఆడ వెయిల్డ్ ఊసరవెల్లి కూడా జతకట్టకుండానే గుడ్లు పెడుతుంది. ఒక్కో కాన్పులో ఇరవై నుంచి డెబ్బై దాకా, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే. గుడ్లు పెట్టే వేళకు అది కొమ్మ దిగి, తన ఒళ్లంతా పట్టే సొరంగం తవ్వి, గుడ్లు పెట్టి మట్టి పూడ్చేస్తుంది. నేల దొరక్కపోతే వెతుక్కుంటూనే ఉంటుంది. తవ్వడానికి చోటు లేకపోవడం, ఒంట్లో నీరు, కాల్షియం చాలకపోవడం, గుడ్డు వంకరగా ఉండడం, వీటిలో ఏదైనా గుడ్లు లోపలే చిక్కుకుపోవడానికి కారణం కావచ్చు. అది ప్రాణాంతకం.

ఎక్స్‌రేలో పొట్టనిండా గుండ్రటి నీడలు కిక్కిరిసి కనిపించాయి. ఓపిక ఇంకా మిగిలి ఉంది కాబట్టి డాక్టరు ముందు ద్రవాలు, కాల్షియం ఎక్కించి, మట్టి డబ్బా పెట్టమని ఇంటికి పంపారు. ఇలాంటప్పుడు ఆక్సిటోసిన్ సూది కూడా వాడతారు. తాబేళ్లలో పనిచేసినంతగా బల్లి జాతుల్లో అది పనిచేయదు. అప్పటికీ గుడ్లు రాకపోతే శస్త్రచికిత్సే దిక్కు.

డబ్బాలో ఒక అడుగు లోతున కడిగిన ఇసుక. సొరంగం కూలిపోకుండా నిలబడేంత తడి. ఎవరైనా చూస్తున్నారని తెలిస్తే ఊసరవెల్లి తవ్వడం మానేస్తుంది కాబట్టి గూటి చుట్టూ దుప్పటి కట్టారు. మర్నాడు సాయంత్రం తవ్వడం మొదలుపెట్టి, ఆ మరునాటికి గుడ్లు పెట్టేసింది. తర్వాత చాలాసేపు ఆకుల మీది నీళ్లు తాగిందట.

ఈ జాతి సొంత ఊరు యెమెన్, నైరుతి సౌదీ అరేబియా. శాస్త్రీయ నామం కెమిలియో కాలిప్ట్రాటస్. ప్రపంచంలో రెండు వందలకు పైగా ఊసరవెల్లి జాతులుంటే దాదాపు సగం మడగాస్కర్‌లోనే ఉన్నాయి. రంగు మార్చేది దాక్కోవడానికేనన్న నమ్మకం పాతది. కాంతి, వేడి, భయం, గర్భం అన్నీ రంగులోనే పలుకుతాయి. చర్మంలోని అతి సూక్ష్మ స్ఫటికాల మధ్య ఎడం మారడం వల్ల ఇది జరుగుతుందని జెనీవా పరిశోధకులు 2015లో చూపించారు.

అమ్మేవాళ్లు గూడు, దీపం, కీచురాళ్లు కట్టబెడతారు. ఆడదైతే మట్టి డబ్బా కూడా కావాలని చెప్పని దుకాణాలు ఎన్నో. నా దృష్టిలో అది చిన్న లోపం కాదు, సగం సరుకు దాచి అమ్మడం. నాలుగైదు నెలల ఆడ ఊసరవెల్లి ఇంట్లో ఉంటే, జబ్బు లక్షణం కనిపించేదాకా ఆగకండి. ఈ వారమే మట్టి పెట్టండి. ఆ ఫారంలోని ప్రశ్నలు మీకు మీరే వేసుకోండి. జవాబు రాయలేని గడి ఉంటే, ముందు అక్కడే సరిదిద్దండి.

ఇవి కనిపిస్తే ఆగొద్దు

• పగలు కళ్లు మూసుకోవడం, కళ్లు లోపలికి పోవడం
• ముక్కుతూ, తవ్వుతూ ఉన్నా గుడ్లు పెట్టకపోవడం
• కొమ్మ మీద పట్టు తప్పడం, వణుకు
• నోరు తెరిచి ఊపిరి పీల్చడం, నోటి దగ్గర బుడగలు

బలవంతంగా తినిపించొద్దు, పొట్ట నొక్కి చూడొద్దు. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు గూడు ఫొటోలు, బల్బు పెట్టె, తాజా రెట్ట పట్టుకెళ్లండి. కుక్కలకూ పిల్లులకూ చూసే వైద్యులందరికీ సరీసృపాల వైద్యం తెలియదు. ముందే ఫోన్ చేసి అడగండి.

మన దగ్గర పెంచొచ్చా?

మన తోటల్లో తిరిగే ఊసరవెల్లికి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. పట్టుకోవడం, ఇంట్లో ఉంచుకోవడం నేరం. వెయిల్డ్ జాతి సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉంది. ఇలాంటి విదేశీ జీవులు ఇంట్లో ఉంటే 2024 నిబంధనల ప్రకారం పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలి. మన ఊసరవెల్లికి విషం లేదు. దాని ఆడది కూడా గుడ్ల కోసం చెట్టు దిగి నేల తవ్వుతుంది. కనిపిస్తే రాళ్లు వేయకండి, దాని పని దాన్ని చేసుకోనివ్వండి.