అరవై దాటాక ముఖానికి రంగు

మా సీమలో "యాడికి?" అంటే ఎక్కడికి అని అర్థం. మా వూరి పేరే యాడికి! బస్సులో కండక్టరుకూ మావాళ్లకూ నడిచే సంభాషణ పొరుగు జిల్లాలవారికి మంచి వినోదం. ఈ వ్యాసం కూడా ఆ ప్రశ్నతోనే మొదలు పెట్టవలసి వస్తున్నది. అరవై యేళ్లు దాటిన ఆసామి దీపాలు పెట్టే వేళకు కండువా భుజాన వేసుకుని బయలుదేరితే, కోడలు "యాడికి మామా?" అని అడుగుతుంది. "నాటకం నేర్చుకునేదానికి" అంటాడాయన. లోపలినుంచి నవ్వు వినిపిస్తుంది. "ముసలోడికి దసరా పండగ" అని ఎవరో అననే అంటారు.

నవ్వవలసిన విషయమేనా ఇది? కాదని నా మనవి.

పద్యనాటకం మా ప్రాంతానికి దిగుమతి సరుకు కాదు. ఆంధ్ర నాటక పితామహుడని పేరుపొందిన ధర్మవరం రామకృష్ణమాచార్యులుగారు ఈ గడ్డవారే. ఆయన 1887లో బళ్లారిలో 'చిత్రనళీయం' ఆడించి, తెలుగు రంగస్థలం మీద పాటకూ పద్యానికీ పెద్దపీట వేశారు. ఆయన మేనల్లుడు బళ్లారి రాఘవగారు 1880లో మా పక్కనున్న తాడిపత్రిలోనే పుట్టారు. విచిత్రమేమిటంటే, మేనమామ తెచ్చిన రాగాల జోరు మేనల్లుడికి మితిమీరినట్టు తోచింది. పద్యాన్ని సాగదీసి పాడటంకంటే భావం పలికించడం ముఖ్యమని ఆయన వాదం. ఇద్దరూ వృత్తికి వకీళ్లే. నాటకం వారికి కూడుపెట్టిన వృత్తి కాదు, మనసుపడి చేసిన పని. పక్క కడప జిల్లాలో 1885లో పుట్టిన సురభివారు నాటకాన్నే జీవనంగా చేసుకుంటే, బళ్లారి సభలవారు పగలు కోర్టుకు వెళ్లి, రాత్రి కిరీటం పెట్టుకున్నారు. పగలు పొలానికి వెళ్లి, సాయంత్రం హార్మోనియం పక్కన కూర్చునే నేటి పెద్దమనిషి వారి వారసుడే కదా!

కరువుకూ నాటకానికీ సంబంధమేమిటని అడగవచ్చు. ఉన్నది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వర్షం కురిసే జిల్లా మాది. అదీ అదనుకు కురిస్తే! జూన్, జూలైలలో వేరుశనగ విత్తుతారు. కార్తీకంలోగా కాయ ఇంటికి చేరుతుంది, లేదా చేరదు. ఎట్లా అయినా ఆ తరువాత మెట్ట రైతుకు మళ్లీ తొలకరిదాకా తీరికే. ఆ తీరికలోనే నాటకం పుడుతుంది. హార్మోనియం మాస్టరును పిలిపించుకుంటారు. ఎవరికి యే వేషమో తేల్చుకుంటారు. రెండు మూడు నెలలు పద్యాలు వల్లె వేస్తారు. ఉగాదికో, శ్రీరామనవమికో, వూరి దేవర జాతరకో ప్రదర్శన. డ్రెస్సులకూ, మైకుకూ, తబలాకూ, స్త్రీపాత్రలకు వచ్చే నటీమణులకూ అయ్యే ఖర్చు వేషధారులే తలా ఇంత వేసుకుంటారు. అనగా వీరు డబ్బు తీసుకుని ఆడేవారు కారు, డబ్బు పెట్టి ఆడేవారు.

ఇట్లా ఖర్చు పెట్టడం వృథా కాదా అని ఒక వేరుశనగ రైతును అడిగాను. ఆయన దుర్యోధన వేషం కడతాడు. "వాన మన మాట యింటాదా సార్? పద్యమైతే నాలుగు దినాలు కూచుంటే యింటాది" అన్నాడు. ఇంతకంటే బాగా నేను క్లాసులో చెప్పలేను.

నేను తెలుగు పాఠం చెప్పుకునేవాణ్ణి గనుక నన్ను ఆశ్చర్యపరిచేది వీరి ధారణ. ఎం.ఏ. విద్యార్థికి ఒక పద్యం అప్పజెప్పమంటే నీళ్లు నములుతాడు. సంతకం మించి రాయలేని పెద్దాయన నలభై పద్యాలు తడుముకోకుండా పాడతాడు. ఇందులో మాయ లేదు. పద్యం కట్టుబడే అటువంటిది. ప్రతి పాదంలో రెండో అక్షరం ప్రాస. ఉత్పలమాలలో పదో అక్షరం దగ్గర, చంపకమాలలో పదకొండో అక్షరం దగ్గర యతి. ఒక మాట మరిచినా, ప్రాస చేయి పట్టుకుని రెండో పాదంలోకి నడిపిస్తుంది. లక్షణం పేరు తెలియకపోయినా చెవికి తెలుసు.

అయితే వయసు మాత్రం వూరుకుంటుందా? మోకాళ్లు పట్టేస్తాయి. కిరీటం బరువు మెడకు తెలుస్తుంది. పళ్లసెట్టు పెట్టుకున్నవారికి 'శ', 'స'లు జారిపోతాయి. ఒకప్పుడు ఐదు శ్రుతిలో పాడిన గొంతు రెండుకు దిగుతుంది. వెనుకటి రోజుల్లో ఇంతటితో వేషానికి సెలవు చెప్పవలసిందే. మైకులు లేనినాడు చివరి వరుసలో కూర్చున్నవాడికి వినిపించాలంటే పైశ్రుతి తప్ప దిక్కు లేదు మరి. మైకు వచ్చి గొంతు చించుకునే అవసరం తీసేసింది. శ్రుతి తగ్గించుకుంటే అరవై యేళ్లవాడూ హాయిగా పాడవచ్చు.

ఇంకొక సదుపాయం మనవాళ్లు ఎప్పుడో కనిపెట్టారు. శ్రీకృష్ణ రాయబారంలో ఒకే రాత్రి మొదటి కృష్ణుడు, రెండవ కృష్ణుడు, మూడవ కృష్ణుడు అని వంతులవారీగా వస్తారు. పట్నంవారు దీన్ని చూసి నవ్వుతారు. పెద్దవాళ్లకు మాత్రం ఇది వరం. ఒక్క రంగం ఆడి కూర్చోవచ్చు. "వన్స్ మోర్" కేకలకు కూడా వంతులు దొరుకుతాయి!

ఇతర దేశాలవారు ఇదే సంగతిని పరిశోధించి చూశారు. వాషింగ్టన్ ప్రాంతంలో జీన్ కోహెన్ అనే వైద్యుడు సుమారు ఎనభై యేళ్ల సగటు వయసున్న వృద్ధులకు బృందగానం నేర్పించి, పాడనివారితో పోల్చి చూశాడు. పాడినవారు డాక్టరు దగ్గరకు వెళ్లడం, మందులు మింగడం, కింద పడటం తక్కువగా వున్నాయని 2006లో ప్రకటించాడు. అదే యేడు జపానులో నినగావా అనే ప్రసిద్ధ దర్శకుడు 55 యేళ్లు దాటినవారితోనే నాటకబృందం కట్టాడు. ఆయన 2016లో పోయిన తరువాత కూడా 2021 వరకు అది నడిచింది. వారు నిధులతో, శిక్షణతో చేసిన పని మనవాళ్లు రచ్చబండ దగ్గర చందాలతో చేస్తున్నారు.

ఇందులో ఒక లోటు చెప్పక తప్పదు. తాతకు దొరికిన ఈ ముచ్చట అవ్వకు దొరకలేదు. స్త్రీలు రంగస్థలం మీదికి రావాలని రాఘవగారు ఆనాడే పట్టుబట్టారు. అయినా పల్లె నాటకంలో సంసారపక్షపు ఇల్లాలు వేషం కట్టడం నేటికీ అరుదే. కాని కోలాటం, భజన బృందాలలో యాభై దాటిన అమ్మలు ఇప్పుడు ఉత్సాహంగా ఆడుతున్నారు. కోలాటంలో లయ తప్పని ఆమె సత్యభామగా నాలుగు పద్యాలు పాడితే ఆకాశం విరిగి పడుతుందా?

అసలు బెంగ ఇంకొకటి. ఈ పెద్దల గొంతుల్లో వున్న బాణీలు పుస్తకాలలో లేవు. పద్యం అచ్చులో దొరుకుతుంది. దాన్ని ఎక్కడ విరవాలో, ఎక్కడ ఊపిరి తీయాలో, ఏ మాట మీద మీసం దువ్వాలో అచ్చులో దొరకదు. అది ఒక గొంతునుంచి మరో గొంతుకు రావలసిందే. నేర్చుకునేవాళ్లలో పడుచువాళ్లు యేటేటా తగ్గుతున్నారు.

అందుచేత పాఠకులకు నా విన్నపం చిన్నది. మీ ఇంట్లో మామగారో, తాతగారో హార్మోనియం చప్పుడు వినగానే చెవులు రిక్కించేవారైతే, ఆయనను ఆపకండి. తెల్లవార్లూ ఆడవద్దనండి, రెండు గంటల రంగం చాలు. శ్రుతి తగ్గించుకోమనండి, రక్తపోటు మాత్ర వేళకు వేసుకోమనండి. ఖర్చు లెక్క ముందే అడగండి, తప్పు లేదు. ఆ పైన మనవణ్ణో, మనవరాలినో పక్కన కూర్చోబెట్టి ఒక పద్యం నేర్పించమనండి. ఈ వేసవి సెలవులకు ఒక్కటి చాలు.