లోతు బోరుకు సూర్యుడి వెంట తిరిగే సోలార్ ప్యానెల్, వోల్టేజీ పెంచే బూస్ట్ కన్వర్టర్

దొనకొండ, మార్కాపురం, గిద్దలూరు పక్క సోలార్ పంపు పెట్టుకున్నోళ్లు అడిగే మాట ఒకటుంది. ‘ఎండ మండిపోతోంది గదా, పొద్దున తొమ్మిది దాటితే గానీ నీళ్లెందుకు పడవు?’

సూర్యుడు గంటకు 15 డిగ్రీల చొప్పున జరుగుతాడు. దక్షిణం వైపు బిగించేసిన ప్యానెల్ మీద మిట్టమధ్యాహ్నానికి మూడు గంటల ముందు ఎండ 45 డిగ్రీల వంకరగా పడుతుంది. అంటే అందేది 70 శాతమే. నాలుగు గంటల ముందైతే సగం.

సగం కరెంటుకు సగం నీళ్లన్నా రావాలి గదా అనుకుంటాం. లోతు బోరులో అట్లా జరగదు. కరెంటు సగమైతే మోటారు వేగం 80 శాతం దగ్గరకు పడిపోతుంది, నీళ్లు ఎత్తే శక్తి 64 శాతానికి దిగుతుంది. 400 అడుగులు ఎత్తగల పంపు అప్పుడు 256 అడుగులే ఎత్తుతుంది. మీ నీళ్లు 300 అడుగుల్లో ఉంటే మోటారు తిరుగుతూనే ఉంటుంది, పైపులో చుక్క రాదు. అందుకే ప్యానెల్ తిప్పడం వల్ల వచ్చే లాభం మామూలు బావికన్నా లోతు బోరుకే ఎక్కువ.

తిప్పడానికి మోటారు, సెన్సారు తప్పనిసరి కాదు. కేంద్రం సోలార్ పంపులకు పెట్టిన నిబంధనల్లోనే రోజుకు మూడుసార్లు చేత్తో తిప్పే ఏర్పాటు ఒప్పుకున్నారు. పొద్దున తూర్పుకు 45 డిగ్రీలు వంచి పెడితే 7 నుంచి 11 దాకా ఎండ 30 డిగ్రీలకు మించి వంకర పోదు, 85 శాతం పైనే అందుతుంది. మధ్యాహ్నం నడిమికి, తర్వాత పడమరకు. 3 హెచ్‌పీ పంపుకు ఇది చాలు. మోటారు ట్రాకర్ మీద పెట్టే డబ్బు డ్రిప్పు మీద పెట్టండి అంటాను నేను. ఏప్రిల్, మే గాలివాన సూచన ఉంటే మాత్రం ప్యానెళ్లను నేలకు సమంగా పడుకోబెట్టాలి.

ఇక రెండో చిక్కు వోల్టేజీ. 330 వాట్ల ప్యానెళ్లు తొమ్మిది వరుసగా కలిపితే 330 వోల్టుల చిల్లర వస్తుంది. మన పాత త్రీఫేజ్ బోరు మోటారుకు కావాల్సింది 415 వోల్టుల ఏసీ. దాన్ని తయారు చేయాలంటే డ్రైవ్‌కు 590 వోల్టుల దాకా డీసీ అందాలి. పైగా మన ఎండలకు ప్యానెల్ 65 డిగ్రీలకు కాగితే ఆ 330 కూడా 290కి జారుతుంది. ఎండ ఎక్కువైతే వోల్టేజీ పెరుగుతుందనుకోవడం పొరపాటు, వేడికి తగ్గుతుంది.

ఇక్కడే బూస్ట్ కన్వర్టర్ పని. హైడ్రామ్ పంపు చూసినోళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది. పైపులో వేగంగా పారే నీళ్లకు కవాటం టక్కున మూసుకుంటే ఆ దెబ్బకు కొన్ని నీళ్లు చాలా ఎత్తుకు ఎక్కుతాయి. బూస్ట్ కన్వర్టర్‌లో రాగి తీగచుట్టే ఆ పైపు. సెకనుకు వేలసార్లు తెరుచుకుని మూసుకునే ఎలక్ట్రానిక్ స్విచ్చే కవాటం. డయోడ్ వెనక్కి రానివ్వదు, కెపాసిటర్ పైనున్న తొట్టి. హైడ్రామ్‌లో కొన్ని నీళ్లే పైకెక్కినట్టు ఇక్కడా వోల్టులు పెరిగితే ఆంపియర్లు తగ్గుతాయి. 330 వోల్టుల్లో 9 ఆంపియర్లు లోపలికి పోతే 590 దగ్గర 5 లోపే బయటికొస్తాయి. కరెంటును పుట్టించే పెట్టె అని ఎవరన్నా అమ్మజూపితే నమ్మొద్దు.

ఇన్ని చేసినా బోరులో ఊట పెరగదు. మనది రాతి నేల. మధ్యాహ్నం రెండు గంటలు దబదబా పోసి బోరు గాలి పీల్చేదానికన్నా, పొద్దున్నుంచి సాయంత్రం దాకా సన్నగా పారడం మేలు. డ్రైవ్‌లో 50 హెర్ట్జ్ గరిష్ఠాన్ని 46, 47కు దించుకోవచ్చు. పై లెక్కలోని పంపు అప్పుడు కూడా 300 అడుగులు దాటించగలదు. డ్రై రన్ రక్షణ ఆన్‌లో పెట్టించుకోండి. ఆచ్ఛాదన ఉన్న చేనుకు ఆ సన్నటి ధారే సరిపోతుంది. పంపు ఎక్కువ గంటలు తిరుగుతోంది గదా అని ఇంకో ఎకరం తడి పైరు పెంచితే మాత్రం వచ్చే వేసవికి బోరు ఇంకా లోతుకు దింపాల్సొస్తుంది.

ఒక జాగ్రత్త. 600 వోల్టుల డీసీ మనిషిని పట్టుకుంటే వదలదు. స్విచ్ ఆపినా కెపాసిటర్లలో కాసేపు కరెంటు నిలిచే ఉంటుంది. పెట్టె మూత మీరు తీయకండి, మెకానిక్‌నే పిలవండి.